ముంగిసా? అడవిదున్నా?

లారీల యార్డులో ఎవరు కొత్త మడత కత్తి కొన్నా, అది జేబులోకి వెళ్లేముందు సాన మామ చక్రం మీదుగా వెళ్లాల్సిందే. కంపెనీవాడు పెట్టిన పదును అసలు పదునే కాదని అక్కడ అందరి నమ్మకం. ఆ నమ్మకానికి ఇరవై ఏళ్లుగా నీళ్లు పోసి పెంచినవాడు సాన మామే.

"నేను సానపట్టిన కత్తితో ఒకావిడ ఉల్లిపాయ కోసింది. కోసిన సంగతి ఉల్లిపాయకి తెలియక మర్నాటిదాకా గుండ్రంగానే కూర్చుంది," అనేవాడు.

"మరి ఆవిడ కళ్లలో నీళ్లు రాలేదా మామా?" అని ఎవరైనా అడిగితే, "ఉల్లిపాయకే తెలియంది కళ్లకెట్లా తెలుస్తుందిరా!" అని కసిరేవాడు.

అలాంటి మామ నెత్తిన ఆ రోజు పెద్ద తీర్పు పడింది. నెల కిందట లోడు మీద మోకు కోస్తుంటే ఒకతని పాత కత్తి లాకు జారింది. బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ల మీద పడింది. ఆ మూడు వేళ్లకీ ఇంకా కట్లున్నాయి. దాంతో యజమాని, మోకులు కట్టే ముప్ఫైమందికీ ఒకే మార్కు కొత్త కత్తులు తెప్పిస్తాను, ఏ మార్కో మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పండి అన్నాడు. ఆ ముప్ఫైమందిలో మామ కూతురు ఒకతె. లోడు నెత్తికెక్కి టార్పాలిన్ బిగించడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కట్లు కట్టిన ఆ వేళ్లు కనబడినప్పుడల్లా మామ చూపు కూతురి చేతుల మీదికి పోయేది.

బరిలో మిగిలినవి రెండు మార్కులు. యార్డు మేస్త్రిది అడవిదున్న. పట్టుకుంటే అరచెయ్యి నిండుతుంది, జేబులో వేసుకుంటే ప్యాంటు ఒక పక్కకి జారుతుంది. మేస్త్రి భార్య తమ్ముడు లారీ డ్రైవరు. అతనిది ముంగిస. సన్నగా, చురుగ్గా, బొటనవేలు తగిలితే చాలు తెరుచుకుంటుంది. మామ ఎవరి పక్షమో అడగక్కర్లేదు. ఆయన నడుముకి ఇరవై ఏళ్లుగా ముంగిసే ఉంది. "గెలిచేది ముంగిసే, రాసిపెట్టుకోండి," అని పొద్దున్నే చెప్పేశాడు కూడా.

"న్యాయమూర్తిగారు వాదన వినకముందే తీర్పు చదివేశారు," అంది కూతురు.

"వినే పని తప్పుతుందని చదివానే," అన్నాడు మామ.

చెక్క దుంగ మీద తడిపిన మోకు పరిచారు. బొటనవేలికన్నా లావు మోకు. మేస్త్రి దున్నతో ఒక్క లాగు లాగాడు. మోకు రెండు ముక్కలైంది. "చూశావురా! బరువుంటేనే బలం," అన్నాడు బావమరిదిని చూసి.

"బరువే బలమైతే బావా, లోడు ఎక్కాల్సింది మా అక్క వండిపెట్టిన నీ పొట్ట," అని డ్రైవరు ముంగిసతో ఒక్క లాగు లాగాడు. అదీ రెండు ముక్కలే.

టార్పాలిన్ మడతలు కోశారు. నైలాను పట్టీలు కోశారు. డబ్బా రేకు చీల్చారు. ఇది నెగ్గిన చోట అది నెగ్గింది, అది నెగ్గిన చోట ఇది నెగ్గింది. చుట్టూ చేరినవాళ్లు ఈలలు వేసి వేసి అలిసిపోయారు. "దొందూ దొందే మామా! ఇక నీ నోటిమాటే. ముంగిస అంటావు, అంతేగా? చెప్పెయ్, యజమానికి ఫోన్ చేస్తాం," అన్నారు.

మామ మీసం దువ్వుకుంటూ లేచాడు. తీర్పు నాలిక చివర ఉంది. లాంఛనానికన్నట్టు రెండు కత్తులూ చేతిలోకి తీసుకుని పదును అంచులు వెలుతురుకి పట్టాడు. పట్టినవాడు అలాగే ఉండిపోయాడు.

ఆయన సాన చక్రం ఒక అంచున కాస్త అరిగింది. దాని మీద ఎక్కిన ప్రతి కత్తికీ పిడి దగ్గర గోరంత వంపు పడుతుంది. దున్నకి ఆ వంపుంది. ముంగిసకీ ఉంది. నిన్న సాయంత్రం డ్రైవరు, ఇవాళ పొద్దున్న మేస్త్రి తెచ్చిచ్చారు. యార్డు ఆనవాయితీ కదా, తనూ ఆలోచించకుండా మురిసిపోతూ సానపట్టి ఇచ్చాడు. ఇంతసేపూ మోకుల్నీ రేకుల్నీ కోసింది దున్నా కాదు, ముంగిసా కాదు. తన చక్రమే రెండు వేషాలు కట్టి, దానితో అదే పోటీ పడింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. పరువు ఎక్కడికీ పోదు, ముంగిసా గెలుస్తుంది. కానీ దుంగ అవతల కూతురు చేతి తొడుగులు సర్దుకుంటోంది. పదివేళ్లు, చక్కగా.

"ఆపండ్రా ఫోను," అన్నాడు మామ. "ఈ పోటీ చెల్లదు. రెండిటి పదునూ నాదే. మీరిద్దరూ, నాతో కలిపి ముగ్గురం, ఒకే మొద్దులోంచి చెక్కిన బొమ్మలం."

మేస్త్రి, డ్రైవరు మొహాలు చూసుకున్నారు. "మరెట్లా తేలుస్తావు మామా?" అన్నాడు మేస్త్రి.

"నా చక్రం తగలని చోటు చూద్దాం. వేళ్లు తెగింది పదును లేకనా? లాకు జారి!"

గుప్పెడు ఇసుక, కాస్త పాత ఆయిలు తెప్పించి రెండు కత్తుల కీళ్లలోనూ పోశాడు. లోడు మీద నెల తిరిగేసరికి ఏ కత్తి గతైనా అదేగా. ముంగిసని తెరిచి, మేస్త్రి చెవి మీది పెన్సిలు లాక్కుని వేళ్లుండే చోట తాడుతో కట్టాడు. పిడి చివర పట్టుకుని బ్లేడు వెన్నుతో దుంగని కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి లాకు జారింది. పెన్సిలు రెండు ముక్కలై కింద పడింది.

డ్రైవరు తన వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు.

దున్నకి ఇంకో పెన్సిలు కట్టాడు. పది దెబ్బలు కొట్టాడు. ఇరవై కొట్టాడు. చెయ్యి నొప్పెట్టిందిగానీ లాకు చెక్కుచెదరలేదు.

"చెప్పానా! చెప్పానా!" అని మేస్త్రి గంతులేశాడు.

"ఆగు బాబాయ్," అని కూతురు దున్నని అందుకుంది. లోడు మీద ఒక చెయ్యి ఎప్పుడూ మోకు మీదే ఉండాలి. అందుకని ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, తొడుగున్న కుడి చేత్తోనే తెరవబోయింది. కత్తి మొరాయించింది. "ఇది తెరవాలంటే నాకు మూడో చెయ్యి మొలవాలి."

డ్రైవరు మొహం వెలిగింది. "చూశావా బావా, నీ దున్న దొడ్లోంచి బయటికే రాదు!"

మామ పనిముట్ల సంచి విప్పాడు. కీలు దగ్గర స్క్రూ పావు చుట్టు వదులు చేశాడు. ఇసుక తుడిచి చుక్క నూనె వేశాడు. లాకు మెతకబడిందేమోనని మళ్లీ ఇరవై దెబ్బలు కొట్టి చూశాడు. పెన్సిలు పెన్సిలులాగే ఉంది. అప్పుడు కత్తి కూతురికిచ్చి, మోకులు విప్పాల్సిన లారీ వైపు గడ్డం చూపించాడు.

ఆమె లోడెక్కింది. ఎడమ చేత్తో మోకు పట్టుకుంది. కుడి చేతి బొటనవేలు ఒకసారి కదిలింది. బ్లేడు టక్కుమని నిలబడింది.

"అడవిదున్న," అన్నాడు మామ. "ముప్ఫైకి ముప్ఫై. ఇంకో మాట. కత్తులు రాగానే స్క్రూలు, లాకులు చూస్తాను. ఆ పరీక్ష నెగ్గాకే నా చక్రం ఎక్కిస్తాను. ఎంత బతిమాలినా ముందు ఎక్కించను."

"మరి నడుముకున్న ముంగిస సంగతేంటి మామా? ఇరవై ఏళ్ల కాపురం!" అని డ్రైవరు దెప్పాడు.

"కాపురం నాది, వేళ్లు నావి. నేను ముసలాణ్ణి, కింద కూర్చుని పళ్లు కోసుకుంటాను. ఈ కత్తిని మాత్రం లోడు మీదికి పంపను."

మేస్త్రి ఫోన్ తీసి యజమానికి చెబుతున్నాడు. లోడు మీంచి కూతురు కేకేసింది.

"నాన్నా, మోకు తెగుతోంది! ఆ తీర్పు కాస్త పక్కన నిలబడి చెప్పు!"

మామ తొందరపడకుండా రెండడుగులు పక్కకి వేశాడు. మోకు వచ్చి ఆయన అప్పటిదాకా నిలబడిన చోటే పడింది.