ఆరున్నర వార్తల్లో ఉమాకుమారి నుదురు

సాయంత్రం ఆరయ్యేసరికి ఉమాకుమారి స్టూడియో మెట్లెక్కేది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆకివీడు ఊరి చివర, ఐసు ఫ్యాక్టరీ పక్కన, మేడ మీద రెండు గదులు. కిటికీ తీస్తే కనుచూపు మేర చేపల చెరువులే. అక్కడ కూర్చుని కాస్త పౌడరు అద్దుకుని, అల్లం టీ తాగి, ఆరున్నరకి లోకల్ కేబుల్లో చేపల రేట్లు చదివేది. శీలావతి ఎంత పలికింది, బొచ్చె ఎంత పలికింది, లారీలు ఎటు వెళ్ళాయి, ఇవే. గొంతు మంచిది. ఒత్తు ఒక్కటి జారనిచ్చేది కాదు.

ఆ గొంతు వినేవాళ్ళు మాత్రం లేరు. రేట్లు ఎలాగూ తెర కింద అక్షరాల్లో పరిగెడుతుంటాయి కాబట్టి, టీ కొట్లలోనూ చెరువు గట్ల మీది షెడ్లలోనూ టీవీ సౌండు తీసేసి చూసేవారు. చూసేది కూడా రేట్ల కోసం కాదు, ఆవిడ నుదురు కోసం.

ఉమాకుమారి నుదుటి మీద మూడు గీతలున్నాయి. మర్నాడు తెల్లవారుజామున చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చేట్టుంటే, ముందురోజు సాయంత్రమే ఆ గీతలు ఒకదాని దగ్గరికి ఒకటి జరిగి లోతుగా దిగేవి. పై గీత ఒక్కటే ముడుచుకుంటే కాస్త కనిపెట్టుకుని ఉండాలి. మూడూ కలిశాయంటే ఇక ఆలోచించకుండా నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు వేసెయ్యాలి. ఆవిడకి నలభై దాటాక మొదలైంది ఇది. మండవల్లి వైపు రైతులు ముందు కనిపెట్టారు, తరవాత కొల్లేటి చుట్టుపక్కలంతా అలవాటైపోయింది. మీటర్లు కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. మీటరు ఆక్సిజన్ పడిపోయాక చెబుతుంది, ఆవిడ నుదురు పడిపోకముందే చెబుతుంది, అంతే తేడా. మబ్బు పట్టినప్పుడు గొడుగు పట్టుకెళ్ళినట్టు దాన్నీ చూసుకుని పనుల్లోకి వెళ్ళిపోయేవారు తప్ప, ఇదేం వింత అన్నవాళ్ళు లేరు.

ఉమాకుమారికే లోపల ఒక దిగులు ఉండేది. యాభై రెండేళ్ళ మనిషి. పెళ్ళికి మంచి పట్టుచీర కట్టుకుని వెళితే, ఎదురైన ప్రతి రైతూ దండం పెట్టి, కళ్ళకి నాలుగు వేళ్ళు పైన చూసి, హమ్మయ్య అనుకుని భోజనాల వైపు వెళ్ళిపోయేవాడు. చీర బావుందన్నవాడు లేడు. మొగుడు హనుమంతరావు, కాలేజీలో లెక్కల మాస్టారు, నువ్వు నాకు పెళ్ళినాటి నుంచీ ఒక్కలాగే కనిపిస్తున్నావనేవాడు. ముందు ఆ కళ్ళజోడు మార్పించుకోండని ఆవిడ కసిరేది. ఆయన అటు వెళ్ళగానే అద్దం ముందు నిలబడి, రెండు అరచేతులతో నుదుటిని పైకి లాగి పట్టుకుని, ఎప్పుడో వదిలేసి వచ్చిన మనిషిని చూసుకునేది. ఆ మనిషి మీద ఆవిడకి బెంగ. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

భాద్రపదంలో కేబుల్ యజమాని శ్రీనివాసరావు కొత్త కెమెరా తెప్పించాడు. దాంతో పాటు ఏలూరు నుంచి ఒక నగల కొట్టు షావుకారుని కూడా తెచ్చి వార్తలకి స్పాన్సరుగా పెట్టాడు. కొత్త కెమెరాలో వెంట్రుకతో సహా కనిపిస్తుందని, షావుకారు గారికి తెర నున్నగా ఉండాలని, నీళ్ళు నమిలి నమిలి చివరికి అసలు మాట చెప్పాడు. ఏలూరులో చర్మం డాక్టరు దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటే గీతలు పోతాయి. లేకపోతే దసరా నుంచి ఎవరైనా చిన్నపిల్లని పెట్టుకోక తప్పదు. 

"రైతుల మాటో?" అంది ఉమాకుమారి.

"ఇప్పుడు అందరి దగ్గరా మీటర్లున్నాయి కదండీ," అన్నాడతను.

ఆవిడకి కోపం రావాలి. రాలేదు. పోనీలే, ఊరందరి చెరువులూ నా మొహం మీదే ఎందుకు మొయ్యాలి అనిపించింది. ఆ రాత్రే ఫోన్ చేసి శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది.

బుధవారం షావుకారు స్టూడియోకి వచ్చాడు. ఇంజెక్షన్ అయ్యాక ఆవిడ ఎలా ఉంటుందో ఆయనకి చూపించాలని శ్రీనివాసరావు ఆ పూట కెమెరాకి గీతలు చెరిపేసే ఫిల్టరు పెట్టించాడు. ఉమాకుమారి కుర్చీలో కూర్చుని మానిటర్ వైపు చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. అద్దంలో అరచేతుల మధ్య కనిపించే మనిషి చేతులు అడ్డం లేకుండా ఎదురుగా కూర్చుని ఉంది. గొంతు సవరించుకోవడానికి గ్లాసెత్తి మంచినీళ్ళు తాగితే, నోరూ ముక్కూ గ్లాసు చాటుకి వెళ్ళిన ఆ కాసేపూ ఫిల్టరు తప్పిపోయి పాత నుదురు కనిపించింది. గ్లాసు దించగానే మళ్ళీ నున్నగా అయింది. మొహం మొత్తం కనబడితే గానీ ఫిల్టరు అది మొహమని పోల్చుకోలేదని కెమెరామన్ రాజ్ కుమార్ చెప్పాడు.

ఆరున్నరకి లైవు మొదలైంది. ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు. ఆకు కదల్లేదు. శీలావతి దాటి బొచ్చె దగ్గరికి వచ్చేసరికి ఉమాకుమారికి నుదురు బిగిసింది. పై గీత జరిగింది. నడిమిది జరిగింది. కిందిది కూడా వెళ్ళి వాటిని కలిసింది. ఇంత గట్టిగా ఎప్పుడూ కలవలేదు. కనుబొమ్మలు పైకి లాక్కుపోతున్నాయి.

మానిటర్లో మాత్రం నుదురు తమలపాకులా ఉంది.

చదువుతూనే రాజ్ కుమార్‌కి సైగ చేసింది. అతను అద్దాల గదిలోని యజమాని వైపు చూశాడు. అక్కడ శ్రీనివాసరావూ షావుకారూ కూడా మానిటర్నే చూస్తున్నారు. ఆవిడ కంగారు పడుతోందనుకుని, బ్రహ్మాండంగా ఉంది కానివ్వండని చెయ్యి ఊపారు.

ఆవిడకి మండవల్లి ఏసుబాబు గుర్తొచ్చాడు. కౌలు చెరువు. రెండేళ్ళు నష్టపోయి ఈసారి గట్టెక్కుతానని ఆశపడుతున్నవాడు, సోమవారం చేపల పట్టుబడికి వల మనుషుల్ని కూడా మాట్లాడుకున్నాడు. ఆవిడ ఇంట్లో చేప వండరని తెలిసి ఏటా గట్టు మీద కాసిన అరటిగెల తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడతను షెడ్డులో టీవీ ముందు కూర్చుని, నున్నటి నుదురు చూసి, ఈ పూటకి పరవాలేదనుకుని దుప్పటి పరుచుకుంటూ ఉంటాడు. అతనొక్కడేనా, పెదపాడు దాకా అందరూ అంతే. నోటితో చెబుదామంటే సౌండు పెట్టుకున్న ఇల్లు లేదు.

ఉమాకుమారి చదవడం ఆపేసింది. కుర్చీలోంచి లేచి కెమెరా దగ్గరికి నడిచింది. పమిట కొంగు తీసుకుని గడ్డం నుంచి కనుబొమ్మల దాకా మొహమంతా కప్పేసి, నుదుటిని ముందుకు వంచి నిలబడింది.

పాపం ఫిల్టరు కళ్ళ కోసం వెతికింది, ముక్కు కోసం వెతికింది, ఏమీ దొరక్క వదిలేసింది. రాజ్ కుమార్ ఎవరినీ అడగలేదు. జూమ్ చేశాడు. కొల్లేటి చుట్టూ ఉన్న ప్రతి టీవీ నిండా ఉమాకుమారి నుదురు, దాని మీద తాడులా పెనవేసుకున్న మూడు గీతలు.

కొంగు చాటున ఆవిడకేమీ కనిపించలేదు. అద్దాల గదిలో కుర్చీ పడిన చప్పుడు మాత్రం వినిపించింది. షావుకారు గారికి పెదపాడులో బావమరిదితో కలిసి చెరువులున్నాయని ఆవిడకి తరవాత తెలిసింది. ఆయన చెప్పుల్లో సరిగ్గా కాళ్ళు పెట్టకుండానే వరండాలోకి పరిగెత్తి, ఏరియేటర్లు వెయ్యరా అని ఫోన్లో అరుస్తున్నాడు. 

తరవాత కిటికీలోంచి ఒక మోటారు చప్పుడు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఐసు ఫ్యాక్టరీ వెనక చెరువులో మొదలై, ఆ పక్కది, దాని పక్కది, అలా మండవల్లి దిక్కు నుంచి కూడా నీళ్ళు చిలికే చప్పుడు రావడం మొదలైంది. కాసేపటికి మేడ గోడలే సన్నగా అదిరాయి. ఉమాకుమారికి ఒళ్ళు పులకరించింది. ఎన్ని మోటార్లు, ఎంత నీరు, అన్నీ ఆవిడ మొహం చూసి లేచినవే. ఇంత గర్వం ఆవిడ జన్మలో ఎరగదు. కొంగు తియ్యకుండానే నవ్వుకుంది.

షావుకారు లోపలికి వచ్చి, చెమట తుడుచుకుని, ఫిల్టరు నా గాజుల ప్రకటనకి పెట్టుకోండి, ఆవిడ జోలికి వెళ్ళకండని శ్రీనివాసరావుతో అన్నాడు. శ్రీనివాసరావు తల ఊపాడు. దసరాకి వచ్చే చిన్నపిల్ల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారేదాకా గాలి కూడా ఆడలేదు, అయినా ఏ చెరువులోనూ చేప తేలలేదు. పొద్దున్నే ఏసుబాబు అరటిగెలతో గుమ్మంలో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఉమాకుమారి తల కాస్త వంచింది, చూసుకోమని. అతను నుదుటి వైపు చూడలేదు. తిన్నగా కళ్ళలోకి చూశాడు.

"అమ్మగారండీ, అంతలా బిగుసుకుపోయాయి కదండీ. నెప్పి పెట్టిందాండీ?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. ఆవిడకి కళ్ళ నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వు వచ్చింది. పెద్దగా, చాలాసేపు నవ్వింది.

శుక్రవారం అపాయింట్‌మెంట్ మాత్రం మానలేదు. ఉద్యోగం కోసమని ఒప్పుకుంది గానీ, ఇప్పుడా బెదిరింపు లేదు కదా, అక్కర్లేదో కావాలో తనే తేల్చుకుంటానని ఏలూరు బస్సెక్కింది. డాక్టరు మైత్రేయి చిన్నదే, నెమ్మదస్తురాలు. మందు నాలుగు నెలలు పనిచేస్తుందని, తప్పేం లేదని, అవసరమూ లేదని, అది పూర్తిగా మీ ఇష్టమని చెప్పి చేతికి అద్దం ఇచ్చింది. ఉమాకుమారి ఈసారి నుదుటిని పైకి లాక్కోలేదు. ఎలా ఉందో అలాగే చూసుకుంది. పాత మనిషి మీద బెంగ ఉంది, కానీ ఎదురుగా ఉన్న మనిషిని వదిలెయ్యడానికి మనసు రాలేదు.

"ఇవి ఉంటాయండీ," అంది.

"మంచిది. పోనీ కళ్ళ పక్కన సన్నగీతలున్నాయి, వాటికి వేయించుకుంటారా?"

ఉమాకుమారి అద్దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది. మొన్నటిదాకా అవి లేవు.

"అవి నిన్ననే పడ్డాయండీ, నవ్వితే," అంది. "కొత్తవి. కొన్నాళ్ళు వాడుకోనివ్వండి."

ఆ సాయంత్రం ఫిల్టరు లేదు. నుదుటి మీద గీతలు మూడూ దేని చోట అది, నిదానంగా ఉన్నాయి. చెరువులకి భయం లేదు, ఇక టీవీ కట్టేసుకోవచ్చు. ఎవరూ కట్టలేదు. ఆకివీడు టీ కొట్లో కొట్టువాడు రిమోటు తీసుకుని సౌండు పెంచాడు. మండవల్లి గట్టు మీద ఏసుబాబు పెంచాడు. ఉమాకుమారి ఒత్తు ఒక్కటి జారకుండా శీలావతి రేటు చదువుతుంటే అందరూ విన్నారు.