హువాబ్ ఏటి ఇసుకలో

నీళ్లు ఆదా చేయాలి గనుక మాగ్రిటా గిన్నెల్ని ఇసుకతోనే తోముతోంది. వీపున సంచులతో దేశాలు తిరిగే కుర్రకారును భర్త ఎలియాస్ లారీలో ఎడారి దాటిస్తుంటాడు. వాళ్లకు వండటం, గుడారాలు వేయటం, వాంతులైతే తల పట్టుకోవటం పదకొండేళ్లుగా ఆమె పని. "తోడుగా వస్తుందండీ, ఇంట్లో ఒక్కతీ ఏం చేస్తుంది" అని అతను మొదటి ఏడాది యాత్రల కంపెనీ మేనేజరుతో అన్నాడు. వంటకు మరో మనిషిని పెట్టుకునే అవసరం కంపెనీకి ఆనాటితో తీరిపోయింది.

ఆ మధ్యాహ్నం లారీ ఎండిన హువాబ్ ఏట్లో కూరుకుపోయి ఉంది. దగ్గరి దారని దింపింది ఎలియాసే. బరువు తగ్గాలి, అందరూ ఆ రెల్లు దాటి అవతలి గట్టుకు నడవండని చెప్పాడు.

తోముతున్న గిన్నె మీంచి మాగ్రిటా తలెత్తి చూసింది. రెల్లు పక్కన ఏనుగు లద్దె, ఇంకా తడి ఆరలేదు. పక్కనే పిడికిలంత మరో ఉండ. అంటే పిల్ల కూడా ఉంది. ఆమె పుట్టింది ఈ ఏటి ఒడ్డునే. ఏనుగులు తవ్విన చెలమల్లో అమ్మతో నీళ్లు ముంచుకుంటూ పెరిగింది. భర్త దగ్గరికెళ్లి నెమ్మదిగా చెప్పింది.

అతను అందరికీ వినబడేలా నవ్వాడు. "మా ఆవిడకి పేడ చూసినా గుండె దడే. నువ్వెళ్లి రొట్టె కొయ్యవే తల్లీ, దారి సంగతి నేను చూస్తాగా."

కుర్రాళ్లూ నవ్వారు. ఆమెకిది కొత్త కాదు. మగాడి పక్కన కూర్చుని ఊళ్లు తిరిగే అదృష్టం ఎంతమందికుంది, నోరు మూసుకుని ఉండమని అత్తగారు ఎన్నిసార్లన్నదో. అతనిలా నవ్విన ప్రతిసారీ తను వెళ్లి రొట్టె కోసింది. ఇప్పుడూ చేయి కత్తి మీదికే పోయింది. కానీ మొన్న జ్వరానికి తడిగుడ్డ వేసి పడుకోబెట్టిన అమ్మాయి అన్నికా, అప్పటికే రెల్లు వైపు పదడుగులు వేసింది.

"ఆగు. అందరూ ఆగండి. పరుగెత్తకుండా వచ్చి లారీ ఎక్కండి."

వాళ్లు ఎలియాస్‌ను చూశారు, ఆమె మొహం చూశారు, ఎక్కారు.

"నలుగురిలో నా పరువు తీస్తావా?" అతను పళ్లు నూరాడు.

"తర్వాత తిట్టు. ముందు ఎక్కు."

అతని కాలు ఇంకా మెట్టు మీదుండగానే రెల్లు విరిగింది. ముందు పిల్ల, వెనక చెవులు విప్పుకుని తల్లి. అన్నికా నిలబడిన చోటికే వచ్చి ఇసుకను తొండంతో వాసన చూసింది. లారీలో ఎలియాస్ వేళ్లు మాగ్రిటా మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. చాలాసేపటికి తల్లి పిల్లను తోసుకుంటూ ఎగువకు వెళ్లిపోయింది.

టైర్లలో గాలి తగ్గించి ఎలాగో లారీని బయటపడేశారు. పొద్దుగూకే వేళకు విడిదిలో ఎలియాస్ యాత్ర నివేదిక పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. అతని దస్తూరి బాగుండదని ప్రతి యాత్రకూ అతని పేరుతో రాసేది ఆమే.

"నేను ముందే పసిగట్టి అందర్నీ ఎక్కించానని రాయి," అన్నాడు. "లేకపోతే నా ఉద్యోగం ఉండదు మాగ్రిటా," అని గొంతు తగ్గించాడు.

అతను బతిమాలగలడని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. జాలి కూడా వేసింది. లారీ ఎక్కడ దిగబడిందో, ఎవరు ఏమన్నారో, ఎక్కడా పరుషంగా ఒక్క మాట లేకుండా రాసింది. "నేను ఆపాను" అని రాసి, కింద మాగ్రిటా అని సంతకం చేసింది.