ఈ నెల ఆయన చదివినవి

"ఏమోయ్, ఈ నెల నేనేం చదివాను?"

ఆదివారం పొద్దున పెన్ను మూత కొరుకుతూ ఆయన అడిగిన మాట ఇది. అడిగింది వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న భార్యని. కొత్తవాళ్ళు వింటే పాపం మతిమరుపేమో అనుకుంటారు. మతిమరుపూ లేదు, మట్టిగడ్డా లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో నెలాఖరు ఆదివారం ఇలాగే తెల్లారుతోంది. పత్రికలో ఆయనకో శీర్షిక ఉంది. ఆ నెల చదివిన పుస్తకాలు, చూసిన సినిమాలు, టీవీలో వచ్చిన మంచీ చెడూ అందులో రాస్తాడు. ఊరు ఊరంతా ఆయన్ని మేధావిగారంటుంది. మేధావిగారు పుస్తకం అట్ట చూస్తారు, వెనకట్ట చూస్తారు, ముందుమాట మూడో పేజీలో ఆవలిస్తారు. ఆ ఆవలింతకి కిటికీ తెరలు లోపలికి ఊగుతాయి. సినిమా అయితే పేర్లు పడేదాకా మెలకువగా ఉంటారు, ఆ తర్వాత గురకే. ఒకసారి ఆ గురక విని ఉరుముతోందనుకుని పక్కింటావిడ ఆరేసిన బట్టలన్నీ తీసేసింది. నమ్మకపోతే ఆవిణ్ణే అడగండి.

చదివేది ఆమె. చూసేదీ ఆమే. బట్టల షాపువాళ్ళు పంపే ప్యాంట్లకీ గౌన్లకీ అంచులు మడిచి కుట్టడం ఆమె పని. మిషన్ పక్కన పుస్తకం తెరిచి, మూసుకుపోకుండా కత్తెర అడ్డం పెట్టి, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను కథ మీద వేసుకుని లాక్కొస్తుంది. ఈ నెల మూడు నవలలు, ఐదు సినిమాలు, ఎనిమిది భాగాల సీరియల్ ఒకటి. దీపస్తంభం కాపలావాడి నవల బంగాళాదుంపలు ఉడుకుతుండగా చదివింది. తుఫాను అధ్యాయమంతా ఆవిరికి పూరీలా ఉబ్బిపోయింది. బావి తవ్వేవాళ్ళ సినిమా సరిగ్గా పదకొండు చొక్కాల ఇస్త్రీ పొడుగుంది. నీళ్ళు పడతాయా లేదా అన్నప్పుడు అత్తగారు మాత్రలడిగింది. సీరియల్లో హంతకుడు తలుపు తీస్తుండగా మామగారు వేడినీళ్ళన్నాడు. ఆ ఇంట్లోవాళ్ళకి కథ చివరికొస్తే వాసన తగులుతుందేమో, సరిగ్గా అప్పుడే పిలుస్తారు. ఆమె వెళ్ళొచ్చేసరికి తెర మీద పేర్లు చీమల్లా పైకి పాకుతుంటాయి. పుస్తకమైతే గడువైపోయిందని ఆయన లైబ్రరీలో ఇచ్చేసి ఉంటాడు.

అలా పద్నాలుగేళ్ళలో ఆమె ఒక్క ముగింపూ ఎరగదు. మొదటిసారి ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పింది. "ఒక్క పనీ చివరిదాకా చెయ్యలేవు కదా" అన్నాడాయన, తెరిచిన పుస్తకం మీద కాలు పెట్టుకుని గోళ్ళు తీసుకుంటూ. తీసిన గోళ్ళు ముందుమాటలోనే వదిలేసి లేచాడు. వాటిని దులిపిన రోత ఇవాళ్టికీ ఆమె వేళ్ళకి అంటుకునే ఉంది. అప్పటినుంచి ముగింపులు తనే పుట్టించింది. గుర్రం చచ్చిపోయిన సినిమాలో, బండిని చివరికి ముగ్గురు మరుదులూ లాగారనీ, వదినగారు కాళ్ళు చాపుకుని పైన కూర్చుందనీ చెప్పింది. ఆయన రాసేశాడు. అచ్చయింది. ఎంత లోతైన ముగింపండీ అని ఉత్తరాలొచ్చాయి. ఒక్కరూ తప్పు పట్టలేదు. ఆ ఊళ్ళో జనం ఆయన శీర్షిక చదివితే పుస్తకం చదివేసినట్టే అనుకుంటారు మరి.

అత్తగారు మాత్రం కొడుకుని చూసి నిట్టూరుస్తుంది. వాడు చదివి చదివి కళ్ళు పోగొట్టుకుంటున్నాడట. "నీకేమమ్మా, హాయిగా టీవీ ముందు కూర్చుంటావు" అంటుంది కోడలితో. కోడలి చేతిలో అప్పుడు సూది, ఒళ్ళో ఎవరిదో ప్యాంటు, పక్కన ఇంకో పదిహేను.

మొన్న గురువారం లైబ్రరీ మేడమ్ గౌను అంచు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కొలత పెడుతుంటే, మేడమ్ పైనుంచి నెమ్మదిగా అంది.

"అక్కా, మీ ఆయన రాసే ముగింపులు ఒక్కటీ పుస్తకాల్లో లేవు. నేను తీసి చూశాను."

ఆమె నోట్లో గుండుసూదులు పట్టుకునే తలెత్తింది.

"ఎవరికీ చెప్పలేదులే. అసలు వాటికన్నా ఇవే బాగున్నాయి. కానీ అన్నింట్లోనూ చివరికి ఎవరో ఒక ఆడమనిషి కూర్చుంటుంది. ఆమెని ఎవరూ పిలవరు. ఇది మగవాడి బుర్రలో పుట్టే ఊహ కాదక్కా."

ఆమె గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. నిజమే. దొంగ ముగింపులు చెబుతున్నానని నవ్వుకుంది గానీ, అన్నింట్లోనూ కూర్చున్నది తనేనని ఇన్నేళ్ళూ తనకే తెలీలేదు. కాసేపు కూర్చోవాలన్న కోరిక, ఇంత చిన్న కోరిక, నెలనెలా ఆయన పేరు కింద అచ్చయింది. తలుచుకుంటే ఒళ్ళంతా జిడ్డు పూసినట్టనిపించింది.

"ఈ నెల మీ ఇంటికొచ్చిన మూడో పుస్తకం గడువు పదిరోజులు పొడిగించాను" అంది మేడమ్ వెళ్తూ. "అది మీరు చివరిదాకా చదవండి."

ఒక్క కథ. ఒక్కటంటే ఒక్కటి, మధ్యలో లేవకుండా. గురువారం నుంచి ఆమెకి అదే ధ్యాస. ఆదివారానికి ఎనిమిది పేజీలు మిగిలాయి.

"వినబడుతోందా? మూడోదాని ముగింపు చెప్పు. పన్నెండింటికల్లా పంపాలి" అన్నాడాయన.

ఆమె కత్తి పక్కన పెట్టి, స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, పుస్తకం తీసుకుని వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. మొదటి పేజీకి ఆయన పిలిచాడు. మూడో పేజీకి అత్తగారు మాత్రలంది. ఐదో పేజీకి మామగారు నీళ్ళన్నాడు. ఏడో పేజీకి ముగ్గురూ కలిసి పిలిచారు. ఆ కేకకి గోడ మీది పిల్లి రెండు వీధులు దాటిపోయింది. ఆమె పేజీ తిప్పింది.

చివరి పేజీ దాకా చదివింది. నలభై అధ్యాయాలు ఊరూరా తిరిగి, సొంతంగా అచ్చుయంత్రం నడిపిన కథానాయిక, చివరికి ఆ యంత్రం అమ్మేసి, అలిగిన మొగుడి దగ్గరికొచ్చి స్టవ్ వెలిగించింది. ఆ మంట వెలుగులో ఆమె ముఖం ప్రశాంతంగా ఉందట. ఛీ. పద్నాలుగేళ్ళు తను చూడలేకపోయానని కుమిలింది దీనికోసమా? ఆ కుమిలినదంతా నవ్వై పైకొచ్చింది.

ఆయన కాగితం పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చాడు. "అయిందా చదవడం? చివరికేమైంది?"

"చివరికి ఆవిడ లేవలేదండీ."

"ఎక్కడినుంచి?"

"కూర్చున్న చోటినుంచి. మొగుడొచ్చి టీ అడిగాడు. అయినా లేవలేదు."

బాగుందే అంటూ నిలబడే రాసుకున్నాడు. చుక్క పెట్టాడు. పెన్ను జేబులో పెట్టుకుని, "సరే, టీ పెట్టు" అన్నాడు.

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. కాళ్ళు చాపుకుంది. ఆయన కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు. తర్వాత చేతిలోని కాగితం ఎత్తి, తను రాసినదాన్ని జీవితంలో మొదటిసారి చివరిదాకా చదువుకున్నాడు.