మూడు దండాల బాకీ

మా నాన్‌కెంగ్ కొండ ఊళ్లో ఏ సభైనా భోజనం పొట్లాలతోనే ముగుస్తుంది. వేయించిన కోడి తొడ, ఊరవేసిన ఆవకూర, అర గుడ్డు, అడుగున అన్నం. ఆ అట్టపెట్టెలు సభాభవనం గుమ్మం దగ్గర దొంతరగా పేర్చి ఉంటాయి. సభ అయితేగాని పంచరు. అందుకని ఎన్నిక అన్న మాట వినబడగానే జనం చేతులు చప్పట్లకి సిద్ధమైపోతాయి. "అభ్యంతరం ఎవరికైనా ఉందా? లేదు కదా? అయితే చప్పట్లతో ఆమోదిద్దాం" అని కార్యదర్శి అనడం, పేర్లు చదవడం పూర్తికాకముందే చప్పట్లు మోగడం, ఎన్నికైన పెద్దమనుషులు రొమ్ముకి ఎర్ర రిబ్బను పువ్వులు గుచ్చుకుని ఫొటోకి నిలబడడం, ఇదీ మా ప్రజాస్వామ్యం. చెప్పుకోవడానికే రోతగా ఉంటుంది. అయినా చెప్పాలి.

ఆ ఏడాది పాలకవర్గాన్ని ఎన్నుకున్నది మా ఊరి ఇంటర్నెట్ సంఘానికి. ఇన్ని మలుపులెక్కి ఇంత కొద్ది ఇళ్లకి తీగ లాగలేమని కంపెనీలు చేతులెత్తేస్తే, ఊరివాళ్లే చందాలు వేసుకుని, ఇళ్ల కప్పుల మీద పళ్లేల్లాంటి యాంటెన్నాలు బిగించి, ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి సిగ్నల్ అందించుకున్నారు. ఇందులో ఎవరికీ లాభం లేదు, ఎవరికీ జీతం లేదు. గాలివానకి పళ్లెం పక్కకి తిరిగితే నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు స్కూటర్ల షెడ్డు లియావ్ జిన్‌ఫూ. పాలకవర్గానికి అతని పేరు ఎవరో ఎత్తారు.

"వాడు కుర్చీలో కూర్చుంటే కప్పులెవడు ఎక్కుతాడురా, నీ తాతా?" అని వెనక వరసలోంచి ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. జిన్‌ఫూ కూడా నవ్వాడు. అతని పేరు అక్కడితో సరి.

అధ్యక్షుడిగా చదివిన పేరు చుంగ్ వెన్‌లుంగ్‌ది. గెస్ట్‌హౌస్ యజమాని. కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడాలని ఆశ. అతని విజిటింగ్ కార్డుకి రెండువైపులా పదవులే. అందులో పందుల పెంపకందార్ల సంఘం సలహాదారు అన్నది ఒకటి. ఆయన పంది ముఖం చూసింది పళ్లెంలోనే. అయితే ఒక విద్య మాత్రం బాగా తెలుసు. ఊళ్లో ఎవరు పోయినా మొదట గుమ్మంలో కనబడేది తనే. పటం ముందు మూడుసార్లు నడుం వంచి దండం పెట్టి, ఇంటివాళ్ల చేతులు పట్టుకుని కళ్లు ఒత్తుకుంటాడు. మా వైపు చావుకి వచ్చిన మనిషిని మర్చిపోవడం కంటే పెద్ద తప్పు లేదు.

పై పేట పెంగ్ రుయ్‌లాన్ అత్తగారు పోయినప్పుడు కూడా జోరువానలో తడిసి వచ్చాడు. అందుకే ఆ రోజు రుయ్‌లాన్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. "మా అత్తకి దండం పెట్టిన మనిషి. ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?" అని పక్కనామెతో అంది కూడా.

నిజానికి ఆ సిగ్నల్ అవసరం ఊళ్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ. ఆమె భర్త తియెన్‌ఫా బొగ్గుగనిలో చేసి చేసి ఊపిరితిత్తుల నిండా ధూళి నింపుకున్న మనిషి. ప్రతి మంగళవారం నగరం నుంచి డాక్టరమ్మ తెర మీద కనబడి, అతని ఆయాసం చూసి, వేలికి తగిలించిన పరికరంలో అంకె అడిగి, మందులు మార్చేది. బస్సులో తీసుకెళ్తే సగం దారిలోనే అతని పెదాలు నీలమైపోతాయి.

పై పేట ఇళ్లన్నిటికీ ఆధారం టీ ఫ్యాక్టరీ కప్పు మీది పళ్లెం. వేసవి సెలవుల ముందు చుంగ్ బయటి మనిషిని పిలిపించి, దాన్ని విప్పించి, తన గెస్ట్‌హౌస్ మీద బిగించుకున్నాడు. యాత్రికులకి సిగ్నల్ బాగా అందితే ఊరికి పేరొస్తుందట. తీర్మానం కూడా ఉందన్నాడు. ఫోన్ గ్రూపులో తను నాలుగు ముక్కలు రాశాడు, మిగతా సభ్యులు బొటనవేలి బొమ్మ నొక్కారు. అదే తీర్మానం. తిరిగి బిగిస్తానని జిన్‌ఫూ నిచ్చెన తీస్తే, సంఘం ఆస్తి ముట్టుకుంటే కేసు పెడతానని బెదిరించాడు.

ఆ మంగళవారం తెర నల్లగా ఉండిపోయింది. రుయ్‌లాన్ కొండ దిగి, పాలకవర్గంలో ఉన్న చ్యావ్ దుకాణానికి పరిగెత్తింది. చ్యావ్ ఆవిరి కుడుములు చేసి అమ్ముతుంది.

"చ్యావ్ అక్కా, మా పళ్లెం తీసెయ్యమని నువ్వూ ఒప్పుకున్నావా?"

"ఏ పళ్లెం?"

"టీ ఫ్యాక్టరీ మీదుండేది. దాంతోనే కదా డాక్టరమ్మ మా ఆయన్ని చూసేది!"

"అయ్యో, అది మీదా! నేను చదవలేదే, చేతినిండా పిండి. అందరూ నొక్కారు, నేనూ నొక్కాను. ఆయన అడిగితే ఎలా కాదనను చెప్పు? మా మామగారు పోయినప్పుడు..."

"మీ ఇంటికీ వచ్చాడా?"

"మొదట వచ్చింది ఆయనే."

రుయ్‌లాన్ మిగతా సభ్యుల ఇళ్లకీ తిరిగింది. అందరిదీ అదే పాట. ఒక పెద్దమనిషికైతే తను సభ్యుడన్న సంగతే గుర్తులేదు. కార్డు మీద మాత్రం అచ్చువేయించుకున్నాడు.

పైవారం తియెన్‌ఫాకి ఊపిరి ఆడలేదు. జిన్‌ఫూ, ఇంకో ముగ్గురు కలిసి అతన్ని వెదురు కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డుదాకా మోసుకొచ్చారు. ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. కొన్నాళ్లు ముందే చూసి మందు మార్చి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదంది డాక్టరమ్మ.

ఊళ్లో గొడవ లేచింది. మళ్లీ సభ పెట్టక తప్పలేదు. చుంగ్ నవ్వుతూనే లేచాడు.

"వదినా, ఇది చిన్న సమాచార లోపం. నా మనసు తియెన్‌ఫా అన్న దగ్గరే ఉంది. అందుకే నిన్ను మన సంఘానికి గౌరవ సభ్యురాలిగా తీసుకుంటున్నాం. ఏదీ, అందరూ చప్పట్లు!"

ఎర్ర రిబ్బను పువ్వు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. కొంతమంది చప్పట్లు కొట్టారు కూడా! ఒక మనిషి ఊపిరికి ఒక రిబ్బను ముక్క ఖరీదు కట్టారు.

రుయ్‌లాన్ అతని చెయ్యి పక్కకి తోసింది.

"చుంగ్ తమ్ముడూ, మా అత్తకి నువ్వు మూడు దండాలు పెట్టావు. కాదనను. మీ ఇంట్లోనూ పెద్దావిడ ఉంది. చల్లగా నూరేళ్లు బతకాలి. ఆవిడ వెళ్లిననాడు నీ గుమ్మంలో మొదట నిలబడేది నేనే. మూడు కాదు, ఆరు దండాలు పెడతా. వచ్చినవాళ్ల గిన్నెలు కూడా తోముతా. ఆ బాకీ అట్లా తీరాలి. నేనేం చేశాను? నా ఇంటి బాకీకి ఊరి కుర్చీ ఎత్తి నీకిచ్చాను. అదేమన్నా నా పుట్టింటి సొమ్మా?"

"వదినా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాంలే, అన్నాలు చల్లారిపోతున్నాయి" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"చల్లారనివ్వండి! మా ఆయనకి అక్కడ తిండి కూడా గొట్టంలోనే." ఆమె పాలకవర్గం వరస వైపు తిరిగింది. "ఒక్కొక్కరు లేవండి. సిగ్నల్ పోతే ఎవరు వస్తారు, రానివాళ్లు ఎందుకున్నారు, ఇక్కడే చెప్పండి."

ఒకాయనకి నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకాయనకి కొడుకు పెళ్లి పనులు. చ్యావ్ లేచి, తనకి చేతకాదని ఒప్పుకుని, కంటతడి పెట్టుకుని కూర్చుంది. చుంగ్‌కి ఫోన్ మోగింది. పక్క ఊళ్లో ఎవరో పోయారట, తప్పకుండా వెళ్లాలట. వెళ్లాడు.

ఆ రోజు పేరు పేరునా చేతులెత్తించి ఎన్నుకున్నారు. జిన్‌ఫూ ఉన్నాడు, రుయ్‌లాన్ ఉంది. పళ్లెం టీ ఫ్యాక్టరీ మీదికి తిరిగొచ్చింది. తియెన్‌ఫా కూడా ఇంటికొచ్చాడు. కాని అంతకుముందు వాకిట్లోకి నడిచి ఎండలో కూర్చునే మనిషి, ఇప్పుడు ఆక్సిజన్ యంత్రం విడిచి మంచం దిగలేడు. ఆ నాలుగు అడుగులూ అతనికి ఏ పాలకవర్గమూ తిరిగి ఇవ్వలేదు.

చదివే పెద్దలారా, మీ ఊళ్లోనూ సంఘాలుంటాయి, ఎన్నికలుంటాయి. పలకరించినవాడిని పలకరించండి, పెట్టినవాడికి పెట్టండి, చావుకి వచ్చినవాడి ఇంటికి చావుకి వెళ్లండి. సొంత మొహమాటం తీర్చుకోవడానికి పదిమంది కుర్చీని ఇచ్చే హక్కు మాత్రం మనలో ఎవరికీ లేదు.