చెట్లు పోయాక మిగిలిన నీడ

తిరువూరులో విజయవాడ రోడ్డు పక్కనున్న సీతారామారావు ఇంట్లో బయటి పనులన్నీ పొద్దు పొడవకముందే అయిపోయేవి. చేసేది ఆయన చెల్లెలు రావమ్మ. కల్లాపి జల్లి, ముగ్గేసి, గేదెలకి కుడితి పెట్టి, తూర్పు ఎర్రబడేసరికి లోపలికొచ్చి తలుపేసుకునేది. ఎండ తగిలితే ఆమె ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. డాక్టర్లు చూసి, నీడపట్టున ఉండమని చెప్పి పంపేశారు. ముప్పయ్యో ఏడు దగ్గరపడుతున్నా, మిట్టమధ్యాహ్నం ఊరెలా ఉంటుందో ఆమె కిటికీలోంచి చూసిందే.

ఇంటి వెనక వాళ్లకో పొలం చెక్క ఉంది. ఒకప్పుడు అక్కడ నేరేడు చెట్లు ఉండేవి. పత్తి వేద్దామని వాళ్ల నాన్న కొట్టించాడు. చెట్లు పోయాయిగానీ నీడ పోలేదు. మొదళ్లు తవ్వేసినా, గాలి వీస్తే నేలమీద కొమ్మల నీడలు ఊగుతూనే ఉండేవి. వేసిన పత్తి పాలిపోయి వాలిపోయింది. కూలీలు మాత్రం మధ్యాహ్నం అక్కడ కూర్చుని సద్ది తిని, చల్లగా ఉందనుకుంటూ వెళ్లేవాళ్లు.

డెబ్బై మూడులో సీతారామారావు గేదెల పాక పొడిగించాడు. పాక చూరు వెళ్లి ఆ నీడని ఆనుకుంది. అంటే, ఇంట్లోంచి ఎండ తగలకుండా అక్కడిదాకా పోవచ్చు.

"అన్నయ్యా, అక్కడ నేను మొక్కలేసుకుంటాను," అంది రావమ్మ.

"గడ్డే సరిగ్గా రాదక్కడ. సరేలే, నీ ఇష్టం."

మొదట బంతి వేసింది. సన్నగా సాగి నేలమీద పడిపోయింది. పడిపోయిన మొక్కల పక్కన రావమ్మ చాలాసేపు కూర్చుంది. ఎండ కావలసినదాన్ని తెచ్చి నీడలో పెట్టడం, తనని తీసుకెళ్లి ఎండలో నిలబెట్టడం లాంటిదే అనిపించింది.

రోడ్డుకి అవతల ఎదురింటి ఖాదర్‌బాషా లారీ మీద కొండల్లోంచి వెదురు తోలేవాడు. అతన్ని అడిగింది.

"అడవిలో పెద్ద చెట్ల కింద ఏం మొలుస్తాయో చూసి చెప్తావా?"

"చెప్పడమెందుకక్కా, తెస్తాలే," అన్నాడు.

వినగడప వైపు కొండల్లోంచి తడిగోనెలో చుట్టి తెచ్చాడు. అడవి కంద, నేలవేము, సుగంధిపాల, అడవిమల్లె. ఏది ఎక్కడ నాటాలన్నది రావమ్మ నీడని చేత్తో తడిమి చూసుకుని తేల్చుకునేది. ఖాదర్‌బాషా భార్య నూర్‌బీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

"కంద మధ్యలో ఎందుకక్కా?"

"ఇక్కడ నీడ చిక్కగా ఉంది. దాని ఆకు పెద్దది, ఉన్న కాస్త వెలుతురూ పట్టుకుంటుంది. మల్లె అంచున ఉండాలి. పూయాలంటే దానికి ఎండ చుక్కలు పడాలి."

వానలకి అన్నీ వేళ్లూని తిరుక్కున్నాయి. అడవిమల్లె తీగ సాగింది. రావమ్మ పందిరి వేద్దామనుకునేలోపే అది లేని చెట్టుని చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఏ ఆధారమూ లేనిచోట మెలికలు తిరుగుతూ ఓ మొదలంత లావున పైకి పోయింది. కొమ్మలుండాల్సిన చోట చీలి, ఆకాశంలో పరుచుకుని పూసింది. రావమ్మ తల పైకెత్తి నిలబడిపోయింది. నాన్న కొట్టించిన చెట్టు ఎంత పెద్దదో ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఆసరా దొరికింది దానికి," అంది నూర్‌బీ.

మరుసటేడు రోహిణీ కార్తె. నెలలు నిండిన నూర్‌బీకి నొప్పులొచ్చాయి. ఖాదర్‌బాషా లారీ మీద పోయాడు. అత్త మీరాబీ ఆసుపత్రి నర్సమ్మ కోసం పరిగెత్తింది. కిటికీ దగ్గరున్న రావమ్మకి అవతలింట్లోంచి కేక వినపడింది. ఇక్కడా ఇంట్లో ఇంకెవరూ లేరు. మిట్టమధ్యాహ్నం రోడ్డు తెల్లగా కాలిపోతోంది. ఇంకో కేక. రావమ్మ తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

సగం దాటాక ఒళ్లు మండటం లేదని గమనించి చేతుల వంక చూసుకుంది. చేతుల మీద నేరేడాకుల నీడ కదులుతోంది. ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందే ఉండే వేళ, ఈ నీడ ఒక్కటే వెనక చెక్కలోంచి ఇల్లు దాటి, రోడ్డు దాటి, సాయంత్రప్పూట నీడలా ఆమెతో సాగివస్తోంది. ఆగి చూడాలనిపించింది. ఆగలేదు.

మీరాబీ నర్సమ్మతో వచ్చేసరికి బిడ్డ రావమ్మ చేతుల్లో ఉంది. మెడకి చుట్టుకున్న పేగుని వేలితో తప్పించింది తనే. ఆ పూట నూర్‌బీ ఒక్కతే ఉండుంటే బిడ్డ దక్కేది కాదంది నర్సమ్మ. వాకిట్లో ఇంత నీడ ఉంది, బాలింతకి హాయి అని కూడా అంది.

ఆ నీడ మళ్లీ వెనక్కి పోలేదు. మర్నాడు మధ్యాహ్నం రావమ్మ తలుపు తీసుకుని, నింపాదిగా రోడ్డు దాటి, నూర్‌బీ వాకిట్లో నీడ అంచు దాకా వెళ్లింది. అక్కడ నిలబడి ఊరిని చూసింది. సైకిళ్లు, బస్టాండు వైపు పోయే మనుషులు, దుమ్ములో మెరిసే ఎండ. చూసి చూసి, ఒంగి నేల తడిమింది.

"ఏం చూస్తున్నావక్కా?" లోపల్నుంచి అడిగింది నూర్‌బీ.

"ఇక్కడ నీడ పల్చగా ఉంది," అంది రావమ్మ. "ఇక్కడికి ఏ మొక్క బాగుంటుందా అని."