గడ్డ వండుతున్న చక్కెర

ఇంకా తేలలేదు, గులాబీ గడ్డ రసం, మంచి కొమ్మ రసం చుక్కలుగా పెట్టి కరెంటు పారించిన కాగితాన్ని వెండి ద్రావణంలో ముంచి ఆరబెట్టి క్షారం కూడా పట్టించాను కదా, కాగితం తెల్లమొహం వేసుకుని చూస్తోంది, గడ్డ రసం దారిలో మచ్చ రాకపోతే అన్నయ్య గెలిచినట్టే, నర్సరీలో అంట్లన్నిటికీ తల్లి అయిన ఆ గులాబీ బతికిపోయినట్టే, వాడు వెనక కుర్చీలో కూర్చుని బూట్ల మట్టి నేలంతా రాలుస్తూ మళ్ళీ అదే పాట, కాండం మీద లేచిన గడ్డ ముక్క కోసి సీసాలో పెంచిందీ నువ్వే, మందేసి సూక్ష్మజీవిని చంపిందీ నువ్వే, ఒక్కటీ మిగల్లేదన్నదీ నువ్వే, అయినా గడ్డ పెరుగుతోందంటే అది మొక్క స్వభావమే తల్లీ, తెగులూ కాదు నీ తలకాయా కాదు, మచ్చ వస్తే మాత్రం నా చేత్తో నేనే పీకేస్తా, సరేనా, సరే అన్నాను గానీ, పదేళ్ళుగా బిడ్డలా సాకాడు, గడ్డలు కోసేసిన కత్తిని ప్యాంటుకి తుడిచి దాంతోనే అంట్లు కట్టాడు మహానుభావుడు, చెబితే వింటేగా.

అదిగో, అమ్మో, ఆరోగ్యంగా ఉన్న కొమ్మ రసంలో మామూలు చక్కెరలు బయల్దేరిన గీత దగ్గరే చతికిలపడ్డాయి, గడ్డ రసం మాత్రం కరెంటు లాగినవైపు దూరంగా వెళ్ళి గోధుమరంగు చుక్కై కూర్చుంది, పోల్చడానికి నేను పెట్టిన అసలు నమూనాకి సరిగ్గా పక్కనే, చక్కెరనీ అమైనో ఆమ్లాన్నీ ముడేసిన పదార్థం, ఏ గులాబీకీ పుట్టుకతో రాని విద్య, కంటికి ఆనని జీవి తన జన్యువు ముక్క ఒకటి మొక్క కణంలోకి తోసి నేర్పిపోయింది, ఎంత ఘటికురాలు, మొక్కకేమో అది అరగదు, తినగలిగేది నేర్పిన ఆ జీవీ దాని జాతీ మాత్రమే, ఈ సీసాలో అదెప్పుడో చచ్చింది, పొయ్యి మాత్రం ఆరలేదు, ఇంత చిన్న చుక్కకి ఇంత చరిత్రా.

వచ్చిందా అంటూ అన్నయ్య లేచి నా భుజం మీదుగా వంగాడు, చాలాసేపు చూశాడు, మరి సీసాలో పురుగే లేదన్నావు కదే, ఎవరి కోసం వండుతోంది ఇది, అని చిన్నగా అడిగి, జేబులోంచి కత్తి తీసి బల్లమీద పెట్టాడు, పాపం, ఓడిపోయాడని నవ్వు రాలేదు నాకు, ఎందుకంటే వాడన్నది అక్షరాలా నిజం, ఇది మొక్క స్వభావమే, ఆ జీవి దోచుకుని పోలేదు, స్వభావాన్నే మార్చి పోయింది.