నందిత ఇచ్చిన పూచీ

ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి, దగ్గరికి జరిగి కూర్చోండి. పెరంబూరులో కాఫీ గింజలు వేయించి పొడి కొట్టి అమ్మే రాజలక్ష్మి కథ ఇది. ముప్పై ఏళ్లుగా ఆమె అంగడికి గింజలు ఒక్క చోటి నుంచే వస్తాయి, పళని కొండల్లో పొన్నుతాయి తోట నుంచి. ఆ వాసనకే రైల్వే క్వార్టర్సు వాళ్లు రోడ్డు దాటి వస్తారు.

ఆ కొండమీద ఒకప్పుడు ఎండాకాలంలోనూ దుప్పటి లేనిదే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అక్కడా ఉక్కే. పూతకు పడవలసిన వాన ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక పడి, కాయలన్నీ ఒక్కసారి పండటం మానేశాయి. ఇక నల్ల పురుగు ఒకటుంది, ఆవగింజంత. కాయకు బెజ్జం పెట్టి గింజలోనే కాపురం చేస్తుంది. చలికి భయపడి కొండ దిగువనే ఉండిపోయే ఆ పురుగు పోయినేడు పొన్నుతాయి కింది తోట దాకా ఎక్కింది. సగం పంట పొట్టయిపోయింది. పై తోట కూడా పోతే చెట్లు పీకేసి తిరుప్పూరుకు బనియన్లు కుట్టే పనికి పోతానని ఆమె అన్నప్పటి నుంచి రాజలక్ష్మికి మనసు మనసులో లేదు.

అక్టోబరులో ఒకరోజు రాజలక్ష్మి ఫోను అంగట్లో మరచి మైలాపూరులో పెళ్లికి పోయింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి కోడలు నందిత ఎదురొచ్చింది. విజయనగరం పిల్ల. కాపురానికి వచ్చి ఆరు నెలలు, అరవం ఒక్క ముక్క రాదు.

“పొన్నుతాయిగారు ఫోన్ చేశారండి అత్తయ్యా. లైను సరిగా లేదు. పూచీ, పూచీ అని ఒకటే గోల. సరుక్కి పూచీ ఎవరిదని అడుగుతున్నారనుకుని, పూచీ మాది, మాది అని గట్టిగా చెప్పేశాను. పాపం, వెంటనే పెట్టేశారు.”

రాజలక్ష్మి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

“నీ మొహం మండ. అరవంలో పూచ్చి అంటే పురుగు. పురుగు పడిందని ఆయమ్మ ఏడస్తా ఉంటే పూచీ మాదంటివా?”

“మా ఊళ్లో పూచీ అంటే పూచీయేనండి.”

“మీ ఊళ్లో పూచీలకు కాళ్లుండవులే. ఈడ ఆరుంటాయి.”

నవ్వు రావలసిన మాటే. ఇద్దరికీ రాలేదు. తిరిగి చేస్తే ఫోను కలవలేదు, కొండమీద వానలకు టవరు పనిచేయడం లేదట. అలా మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో రాజలక్ష్మి రెండు వాయిల గింజలు బొగ్గు చేసింది. ఈపాటికి పొన్నుతాయి మొదటి చెట్టు పీకే ఉంటుందని ఒకటే గుబులు.

నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది. పొన్నుతాయి అరవంలో గడగడా మొదలుపెట్టింది.

“ముందు మీ కోడలికి దిష్టి తియ్యమ్మా. ఆ పిల్లకు ఎట్టా తెలిసింది? పూచ్చి మాడి, మాడి అని అరిచింది చూడు.”

అరవంలో మాడి అంటే మేడ. రాతిమెట్లు ఎక్కి పోవాలని పొన్నుతాయి తన పై తోటను మేడ అనే పిలుస్తుంది.

“నేను కిందనే వెతుకుతా ఉండాను. మా అత్త కాలం నుంచి మేడమీదికి పురుగు ఎక్కిందే లేదు, ఆడ చూడాలని తోచనే లేదు. ఆ పిల్ల చెప్పిందే అని నేనూ, పక్కింటి అమ్మాసీ ఎక్కి చూస్తే ఒక మూల నలభై చెట్ల కాయలకు బెజ్జాలు. రెండు రోజులు వానలోనే నిలబడి, చెడ్డ కాయ ఒక్కటి వదలకుండా కోసి, నేల రాలినవి కూడా ఏరి, మరిగే నీళ్లలో ముంచేసినాము. మిగిలిన తోటంతా చెట్టు చెట్టూ చూసినాము. శుభ్రంగా ఉంది. ఇంకో పది రోజులు పోయుంటే ఏమీ మిగిలేది కాదు.”

“మరి తిరుప్పూరు?”

“బనియన్లు వాళ్లనే కుట్టుకోనీలే.”

రాజలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకుంది. కోడలి గొప్పే అని ఊరుకోవచ్చు, కానీ ఊరుకోలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల పొన్నుతాయి దగ్గు వచ్చేదాకా నవ్వింది.

“అయితే అమ్మా, ఆ పిల్లకు అరవం నేర్పొద్దు.”

నందిత పక్కనే నిలబడి, “ఏమంటున్నారండి?” అంది.

“నీకు అరవం నేర్పొద్దంట,” అని రాజలక్ష్మి తానూ పకపకా నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వుకు వచ్చిన నీళ్లే అవి, మూడు రోజుల గుబులు కూడా వాటితోనే పోయింది.

మీరు ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు నందిత మాట దగ్గర బాగా నవ్వించండి. కానీ ఆ నలభై చెట్ల సంగతి వదిలేయకండి. ఎన్నడూ ఎక్కని చోటికి పురుగు ఎక్కుతోందని, అత్తల కాలం లెక్క నమ్ముకోకుండా ఏటా పైకి పోయి చూసుకోవాలని గుర్తుపెట్టుకుని మరీ చెప్పండి.